మారుమనస్సు ఎవరి పని? దేవుడిదా, మనిషిదా?

యెహెజ్కేలు గ్రంథంలోని రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదివితే తిరకాసు వెంటనే కనిపిస్తుంది. బబులోను చెరలో ఉన్న తన జనంతో ప్రవక్త 18వ అధ్యాయంలో "నూతన హృదయమును నూతన బుద్ధియు తెచ్చుకొనుడి" అంటాడు. తెచ్చుకోవాల్సింది వాళ్లే, లేకపోతే చావు తప్పదు. 36వ అధ్యాయానికి వచ్చేసరికి అదే ప్రవక్త నోట దేవుడు "నూతన హృదయము మీ కిచ్చెదను" అంటాడు. రాతిగుండె తీసేసి మాంసపు గుండె పెట్టేది ఆయనే. మొదటిది ఆజ్ఞ, రెండోది వాగ్దానం. రెండూ ఒకే హృదయం గురించి.

పాపాన్ని విడిచి దేవుడి వైపు తిరగడాన్ని మన సంఘాల్లో మారుమనస్సు అంటాం. అది మనిషి తీసుకునే నిర్ణయమా, దేవుడు చేసే పనా అన్న వాదం క్రైస్తవుల్లో 1600 ఏళ్లుగా నడుస్తోంది. దీని మీద మహాసభలు కూర్చున్నాయి, స్నేహితులు విడిపోయారు, ఒక దేశంలో పెద్ద రాజకీయ నాయకుడి తల కూడా తెగింది. ఇప్పుడు తెలుగు బోధకులు యూట్యూబులో ఒకరికొకరు జవాబు వీడియోలు పెట్టుకుంటున్నా అప్పుడప్పుడూ గొడవ ఇక్కడికే వచ్చి ఆగుతుంది. నా మట్టుకు నాకు అనిపించేది ఏమిటంటే, ఈ వాదంలో చాలా భాగం మూడు వేర్వేరు ప్రశ్నల్ని ఒకే ప్రశ్నగా కలిపేయడం వల్ల వచ్చింది. వాటిని విడదీస్తే రెండింటి మీద పెద్దగా తగాదా లేదని తేలుతుంది. మూడోదాని దగ్గర మాత్రం ముడి నిజంగానే ఉంది.

ముందు వాక్యాల సంగతి చూద్దాం. ఇటు పక్షానివి ఇన్ని, అటు పక్షానివి ఇన్ని అని రెండు కట్టలు కట్టడం తేలికే కానీ బైబిలు అలా విడిపోదు. అపొస్తలుల కార్యాల్లో పౌలు ఏథెన్సు వాళ్లతో, మనుషులందరూ అంతటా మారుమనస్సు పొందాలని దేవుడు ఆజ్ఞాపిస్తున్నాడని చెబుతాడు. అదే పుస్తకంలో, యూదుడు కాని రోమా సైనికాధికారి కొర్నేలీ ఇంట్లో జరిగిన సంగతి విన్న యెరూషలేము విశ్వాసులు, దేవుడు అన్యజనులకు కూడా మారుమనస్సు దయచేశాడే అని ఆయన్ని మహిమపరుస్తారు. యిర్మీయా 31లో ఎఫ్రాయిము "నన్ను తిప్పు, అప్పుడు తిరుగుతాను" అన్న అర్థంలో ఏడుస్తాడు. జెకర్యా మొదటి అధ్యాయంలో దేవుడే "మీరు నా వైపు తిరగండి, నేను మీ వైపు తిరుగుతాను" అంటాడు.

ఇంకో విచిత్రం కుమ్మరి ఉదాహరణ. రోమా పత్రిక 9లో పౌలు, మట్టి మీద కుమ్మరికి అధికారం లేదా అని అడుగుతాడు. దేవుడి సార్వభౌమత్వం గురించి మాట్లాడేవాళ్లు మొట్టమొదట చూపించేది ఆ వాక్యమే. అయితే యిర్మీయా 18లో అదే కుమ్మరి ఇంటికి వెళ్లిన ప్రవక్తకు దేవుడు చెప్పింది వేరు. ఒక జనం మీద కీడు చేస్తానని నేను అన్నాక ఆ జనం తన చెడుతనం మానుకుంటే నేనూ ఆ కీడు చేయను అంటాడు. కుమ్మరి అతనే, మట్టి అదే. ఒక చోట మట్టికి నోరెత్తే హక్కు లేదు. ఇంకో చోట మట్టి ఎటు తిరిగిందో చూసి కుమ్మరి చెయ్యి మార్చుకుంటున్నాడు.

ఇక్కడే చాలామంది వాటాల లెక్క మొదలుపెడతారు. దేవుడిది తొంభై శాతం, మనది పది శాతం అంటారు. లేదా ఆయన తొంభై తొమ్మిది అడుగులు వేస్తాడు, చివరి అడుగు మనం వేయాలంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం చదివితే ఈ లెక్క కుదరదు. భయంతో వణుకుతో మీ రక్షణను కొనసాగించుకోండి అని చెప్పిన పౌలు అదే ఊపిరిలో, ఎందుకంటే మీలో ఇచ్ఛను, కార్యసిద్ధిని కలగజేసేది దేవుడే అంటాడు. ఆ పది శాతం వేయాలనే ఇష్టం కూడా దేవుడు కలగజేసిందే అయితే ఇక వాటా ఎక్కడిది? అలాగని పౌలు వాళ్లని ఊరికే కూర్చోమనలేదు. పని మొత్తం వాళ్లది, పని మొత్తం దేవుడిది అన్నట్టే మాట్లాడాడు.

అందుకే ప్రశ్నను విడదీయాలి. పాపి, దేవుడు వీళ్లిద్దరిలో ముందు కదిలింది ఎవరు? ఇది ఒకటి. తిరిగేది ఎవరు? ఇది ఇంకొకటి. దేవుడు కదిలించినప్పుడు మనిషి వద్దనగలడా? ఇది మూడోది. రెండో ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒకటే, తిరిగేది మనిషే. ఎవరు రక్షణ పొందాలో దేవుడే ఎంచుకుంటాడన్న కాల్విన్ బోధను పాటించేవాణ్ణి కాల్వినిస్టు అంటారు. ఎంత గట్టి కాల్వినిస్టు అయినా దేవుడు మన బదులు పశ్చాత్తాపపడతాడని అనడు. మొదటి ప్రశ్న మీద ఒకప్పుడు పెద్ద యుద్ధమే జరిగింది గానీ పాశ్చాత్య సంఘం దాన్ని ఆరో శతాబ్దంలోనే తేల్చేసింది. ఆ కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే అందులో ఓడిపోయిన మనిషి మనం అనుకునేంత చెడ్డవాడు కాదు.

పెలాజియస్ బ్రిటన్ ప్రాంతం నుంచి రోముకు వచ్చి స్థిరపడిన సన్యాసి లాంటి బోధకుడు. నిష్ఠగా బతికేవాడని విరోధులు కూడా ఒప్పుకున్నారు. అప్పటికి రోములో క్రైస్తవుడు కావడం ఫ్యాషన్ అయిపోయింది. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తీసుకుని, పాత బతుకే బతుకుతూ, ఏం చేస్తాం, బలహీనులం అనేవాళ్లు. అలాంటి రోజుల్లో ఒక బిషప్పు పెలాజియస్ ఎదుట, ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ రాసిన ఒక ప్రార్థన చదివాడు. నీవు ఆజ్ఞాపించేది నీవే ఇవ్వు, ఆ తర్వాత నీ ఇష్టమొచ్చింది ఆజ్ఞాపించు, అని దాని సారాంశం. పెలాజియస్ తట్టుకోలేకపోయాడు. దేవుడే ఇవ్వాలంటే ఇక ఆజ్ఞ ఎందుకు? చేయలేని పని చేయమని చెప్పి, చేయలేదని శిక్షించేవాడు న్యాయమైన దేవుడెలా అవుతాడు? ఆజ్ఞ ఉందంటే చేయగల శక్తి ఉన్నట్టే. ఇదీ అతని వాదం. మన ఇళ్లలో మందు మానని మనిషి, దేవుడు మార్చినప్పుడు మారతానులే అన్నప్పుడు మనకు వచ్చే కోపమే పెలాజియస్‌కు వచ్చింది.

అగస్టీన్‌కు ఆ ప్రార్థన పుస్తకాల్లోంచి రాలేదు. తన పాత జీవితాన్ని విడవాలని కొన్నేళ్ల పాటు అనుకుంటూ, విడవలేక నలిగిపోయిన మనిషి అతను. యువకుడిగా ఉన్నప్పుడు, నాకు పవిత్రత ఇవ్వు ప్రభువా, కానీ ఇప్పుడే వద్దు అని ప్రార్థించానని తనే రాసుకున్నాడు. 386లో మిలాను నగరంలో ఒక తోటలో ఈ నలుగుడు తెగింది. తెగడానికి ముందు అతను గమనించిన ఒక సంగతి ఈ మొత్తం చర్చకే గుండెకాయ. మనసు చేతిని కదలమంటే చెయ్యి వెంటనే కదులుతుంది. అదే మనసు తనను తాను కోరుకోమని ఆజ్ఞాపించుకుంటే మాట వినదు. చెప్పేదీ మనసే, వినాల్సిందీ మనసే, అయినా వినదు. ఎందుకంటే పూర్తి మనసుతో చెప్పడం లేదు. పూర్తి మనసుతో కోరుకునే వాడికి ఆ ఆజ్ఞే అక్కర్లేదు, ఎందుకంటే అప్పటికే కోరుకుంటున్నాడు.

ఇది ఒకసారి అర్థమయ్యాక పెలాజియస్ సలహా డొల్లగా అనిపిస్తుంది. గట్టిగా అనుకో, మారతావు అని చెబితే, గట్టిగా అనుకోలేకపోవడమే కదా నా జబ్బు అంటాడు రోగి. అందుకే అగస్టీన్ దృష్టిలో కృప అంటే బయట నిలబడి దారి చూపించే మంచి బోధ మాత్రమే కాదు. లోపలికి వచ్చి ఇష్టాన్నే బాగుచేసే శక్తి. 415లో పాలస్తీనాలో ఒక సభ పెలాజియస్‌ను నిర్దోషి అంది. 418లో కార్తేజి సభ అతని బోధను ఖండించింది. రోములో పోపు మొదట తటపటాయించి, అదే ఏడాది తనూ ఖండించాడు. చరిత్ర చదివేటప్పుడు ఈ తటపటాయింపు మర్చిపోకూడదు. అప్పటివాళ్లకు కూడా ఇది అంత సులువైన కేసు కాదు.

తర్వాత దక్షిణ గాల్, అంటే ఇప్పటి ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని సన్యాసులు మధ్యేమార్గం వెతికారు. కృప లేకుండా ఎవరూ రక్షణ పొందరు, ఒప్పుకుంటాం. కానీ మొదటి చిన్న కదలిక, దేవా అని పిలిచే ఆ మొదటి పిలుపు, కొన్నిసార్లు మనిషి నుంచే రావచ్చు కదా అన్నారు. రోగి వైద్యుణ్ణి పిలిస్తే చాలు, మందు వైద్యుడే ఇస్తాడు అన్నట్టు. 529లో ఆరెంజ్ అనే పట్టణంలో ఆర్ల్ బిషప్పు సిజేరియస్ ఆధ్వర్యంలో కూడిన చిన్న సభ దాన్ని కూడా కాదంది. వైద్యుణ్ణి పిలవాలనే కోరిక కూడా కృప వల్లే పుడుతుందని తీర్మానించింది. అదే సభ, దేవుడు కొందరిని చెడుకు ముందే నిర్ణయించాడని ఎవరైనా అంటే వాళ్లు శాపగ్రస్తులని కూడా రాసింది. ఈ రెండో సంగతిని కాల్వినిస్టు మిత్రులు, మొదటిదాన్ని మిగతావాళ్లు తరచూ మర్చిపోతారు.

ఈ గొడవలో అగస్టీన్ తరఫున వాదించినవాళ్లలో ప్రాస్పర్ అనే గృహస్థుడు ఒకడున్నాడు. అతను ఎత్తిన పాయింటు నాకు అన్నిటికన్నా బలమైనదిగా తోస్తుంది. సంఘం ఏం నమ్ముతుందో తెలుసుకోవాలంటే అది ఎలా ప్రార్థిస్తుందో చూడండి అన్నాడు. అవిశ్వాసుల కళ్లు తెరవమని, వాళ్ల హృదయాలు తిప్పమని సంఘం ప్రతిచోటా దేవుణ్ణే అడుగుతోంది. తిప్పడం ఆయన చేతిలో లేకపోతే ఆయన్ని అడగడం దేనికి?

మన ఊళ్లలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్తే ప్రాస్పర్ వాదన కళ్ల ముందే కనిపిస్తుంది. భర్త తాగుడు మానాలని మోకాళ్ల మీద ఏడ్చే ఇల్లాలు ఏమని ప్రార్థిస్తుంది? ప్రభువా, ఆయన మనసు మార్చు, ఆయన్ని పట్టుకో, ఆయన్ని విడిచిపెట్టకు అంటుంది. ఆయన స్వేచ్ఛకు భంగం కలగకుండా కాస్త నచ్చజెప్పు అని ఎవరూ ప్రార్థించరు. అదే ఆవిడ సాయంత్రం ఇంటికి వెళ్లి, నువ్వు మారాలయ్యా, పిల్లల మొహం చూసైనా మారు అని ఆయన్నే నిలదీస్తుంది. ప్రార్థనలో యెహెజ్కేలు 36, ఇంట్లో యెహెజ్కేలు 18. ఒకే రోజు, ఒకే నోట. ఆవిడకి ఇందులో వైరుధ్యం కనిపించదు. వేదాంత కళాశాలకు వెళ్లినవాళ్లకే కనిపిస్తుంది.

ఈ ప్రశ్న క్రైస్తవానికే పరిమితం కాదని మనకు బాగా తెలుసు. శ్రీవైష్ణవంలో మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అనే రెండు మాటలున్నాయి. కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా పట్టుకోవాలి. పిల్లికూన ఏమీ చేయనక్కర్లేదు, తల్లే మెడ దగ్గర పట్టుకుని మోస్తుంది. భగవంతుడి దయకు జీవుడి వైపు నుంచి కాస్త పట్టు ఉండాలని వడగలై వారు, ఆ పట్టు కూడా అక్కర్లేదని తెంగలై వారు అన్నారు. పోలిక దాదాపు సరిపోతుంది. తేడా ఒక్క చోట ఉంది. పిల్లికూన తల్లికి శత్రువు కాదు, ఎత్తుకుంటే గింజుకోదు. అగస్టీన్, ప్రొటెస్టంట్ ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ వర్ణించే పాపి అలా కాదు, ఎత్తుకోవడానికి వచ్చిన చేతినే రక్కేవాడు. అందువల్ల వాళ్లకి ప్రశ్న కూన పట్టుకోవాలా వద్దా అన్నది కాదు. పారిపోయే దానికి తల్లి మీద ఇష్టం ఎలా పుడుతుంది అన్నది.

లూథర్ పేరు వచ్చింది కాబట్టి 1524 సంగతి. పండితుడు ఎరాస్మస్ ఆ ఏడాది మానవ చిత్తానికి స్వేచ్ఛ ఉందని ఒక పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది లూథర్ లేదని ఇంకా పెద్ద పుస్తకం రాశాడు. ఎరాస్మస్ మెత్తగా, మర్యాదగా వాదిస్తాడు. లూథర్ బండబూతులు తిట్టినంత పని చేస్తాడు గానీ, మిగతా చిల్లర విషయాలు వదిలేసి అసలు విషయాన్ని పట్టుకున్నది నువ్వొక్కడివే అని ప్రత్యర్థిని మెచ్చుకుంటాడు కూడా. క్యాథలిక్కులు 1547లో ట్రెంట్ సభలో తమ జవాబు చెప్పారు. దేవుడు కదిలించగా మనిషి చిత్తం ఒప్పుకుని సహకరిస్తుంది, కావాలంటే తిరస్కరించగలదు కూడా అన్నారు. అక్కడితో వాళ్లలోనూ గొడవ ఆగలేదు. ఆ సహకారం ఎలా జరుగుతుందన్న దాని మీద డొమినికన్లు, జెస్యూట్లు అనే రెండు క్యాథలిక్ సన్యాసి సంఘాల వాళ్లు కొట్టుకుంటే రోములో 1598 నుంచి 1607 దాకా విచారణ నడిచింది. చివరికి పోపు ఐదో పాల్ ఏ తీర్పూ ఇవ్వకుండా, ఒకరినొకరు మతద్రోహులని పిలవొద్దని చెప్పి ఇద్దరినీ ఇంటికి పంపాడు. ఈ విషయంలో ఇంతకన్నా తెలివైన తీర్పు ఇంకెవరూ ఇవ్వలేదేమో.

ప్రొటెస్టంట్లలో మూడో ప్రశ్న పేలింది నెదర్లాండ్స్‌లో. యాకోబ్ ఆర్మీనియస్ 1609లో చనిపోయాక అతని అనుచరులు 1610లో ఐదు అంశాలతో ఒక విజ్ఞాపన ఇచ్చారు. అందులో వాళ్లు పెలాజియస్ మాట ఎక్కడా అనలేదు. మనిషి తనంతట తాను మంచిని కోరలేడని, మొదలు నుంచి చివరి దాకా కృపే కావాలని స్పష్టంగా రాశారు. ఒక్క మాట మాత్రం అదనం. ఆ కృపను మనిషి ఎదిరించగలడు. స్తెఫను యూదు పెద్దలతో మీరెప్పుడూ పరిశుద్ధాత్మను ఎదిరిస్తున్నారు అనలేదా అన్నారు. దీని మీద 1618 నవంబరు నుంచి 1619 మే దాకా డార్ట్ పట్టణంలో మహాసభ జరిగింది. దేవుడు ఎంచుకున్నవారిలో ఆయన కృప తప్పకుండా గెలుస్తుందని సభ తేల్చింది. అయితే ఆ కృప మనుషుల్ని దుంగల్లా, బండల్లా చూడదనీ, చిత్తాన్ని మెడపట్టి ఈడ్వదనీ, దాన్ని బతికించి, బాగుచేసి, ఇష్టంగా వంచుతుందనీ అదే తీర్మానంలో రాసింది. ఆ రోజుల్లో మతం, రాజకీయం కలిసే ఉండేవి. ఆర్మీనియస్ పక్షాన్ని కాచిన రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్‌కు 1619 మే 13న హేగ్‌లో శిరచ్ఛేదం చేశారు. అతనితోపాటు పట్టుబడిన న్యాయశాస్త్రవేత్త గ్రోషియస్ రెండేళ్ల తర్వాత పుస్తకాల పెట్టెలో దాక్కుని జైలు నుంచి తప్పించుకున్నాడు. వేదాంత గ్రంథాల వల్ల అంత తక్షణ ప్రయోజనం పొందినవాళ్లు అరుదు.

కాల్వినిస్టులు, ఆర్మీనియన్లు ఎంత దూరంగా ఉన్నారో చూడాలంటే 1784లో జరిగిన ఒక సంభాషణ చూడాలి. జాన్ వెస్లీ అప్పటికి ఎనభై దాటిన ముసలాయన, ఆర్మీనియన్ పక్షానికి పెద్ద దిక్కు. చార్లెస్ సిమియన్ పాతికేళ్ల కుర్ర పాదిరి, కాల్వినిస్టు అని పేరు. సిమియన్ కాసిన్ని ప్రశ్నలు అడగనిమ్మన్నాడు. దేవుడు ముందుగా మీ హృదయంలో పెట్టకపోతే ఆయన వైపు తిరగాలని మీకు తోచేదే కాదని ఒప్పుకుంటారా? ఒప్పుకుంటానన్నాడు వెస్లీ. మీరు చేసే దేనివల్లా దేవుడికి దగ్గర కాలేరని, క్రీస్తు వల్లే రక్షణ అని ఒప్పుకుంటారా? ఒప్పుకుంటాను. మరి మొదట రక్షించాక, తర్వాత మీ క్రియలతో మిమ్మల్ని మీరే రక్షించుకుంటారా? లేదు, మొదటి నుంచి చివరి దాకా క్రీస్తే. తల్లి చేతుల్లో బిడ్డలా దేవుడే మిమ్మల్ని మోస్తున్నాడా? అవును, పూర్తిగా. అయితే నా కత్తి ఒరలో పెడతాను, నా కాల్వినిజం అంతా ఇదే అన్నాడు సిమియన్.

చదవడానికి హాయిగా ఉంటుంది గానీ ఇది పూర్తి నిజం కాదు. సిమియన్ అడిగినవన్నీ మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. మూడోది అడగలేదు. అడిగుంటే వెస్లీ వేరే జవాబు చెప్పేవాడు. ప్రతి మనిషికీ, ఎవరూ అడగకముందే, దేవుడు కొంత కృప ఇస్తాడని, దానివల్ల చచ్చిన చిత్తానికి అవునని గానీ కాదని గానీ అనగలిగే శక్తి తిరిగి వస్తుందని అతని బోధ. అంటే స్వేచ్ఛ మనిషి సొంత ఆస్తి కాదు, అది కూడా కృప ఇచ్చిందే. కానీ ఇచ్చాక అది నిజమైన స్వేచ్ఛ.

ఇక "లేడు" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. పాపి తనంతట తిరగలేడు అంటే, కాళ్లు లేనివాడు నడవలేడన్న అర్థమా? ఆదికాండము 37లో యోసేపు అన్నలు అతన్ని క్షేమసమాచారం కూడా అడగలేకపోయారని ఉంది. వాళ్లకి నోళ్లు పడిపోలేదు, భాష మర్చిపోలేదు. పగ వల్ల అడగలేకపోయారు. ఆ లేకపోవడం వాళ్ల నేరానికి సాకు కాదు, అదే వాళ్ల నేరం. 18వ శతాబ్దంలో అమెరికాలో జోనాథన్ ఎడ్వర్డ్స్ ఈ తేడాను పట్టుకుని 1754లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఇంగ్లండులో ఆండ్రూ ఫుల్లర్ అనే బాప్టిస్టు పాస్టరుకు అది ప్రాణం నిలబెట్టింది. ఎందుకంటే అతను పెరిగిన సంఘాల్లో, మారుమనస్సు దేవుడి వరం కాబట్టి దాన్ని పాపుల నుంచి అడగడం తప్పు అనే స్థితికి వచ్చారు. చచ్చినవాణ్ణి లేవమని పిలుస్తామా అనేవారు. ఫుల్లర్ 1785లో అచ్చు వేసిన పుస్తకంలో, తిరగడం ప్రతి పాపికీ బాధ్యతేనని, కాబట్టి అందరినీ పిలవాల్సిందేనని వాదించాడు. ఆ వాదన మీద నిలబడే అతని స్నేహితుడు విలియం కేరీ 1793లో బెంగాలుకు ఓడెక్కాడు. శ్రీరాంపూర్‌లో వాళ్లు పెట్టిన అచ్చుకూటం నుంచి వచ్చిన భాషల్లో తెలుగు కూడా ఉంది. ఈ తగవులో ఇంకో పక్షం గెలిచి ఉంటే ఆ ఓడ కదిలేది కాదు.

ఐగుప్తు రాజు ఫరో దగ్గరికి రాకుండా ఈ విషయం ముగియదు. నిర్గమకాండంలో కొన్నిచోట్ల ఫరో తన హృదయాన్ని తనే కఠినం చేసుకున్నాడని, కొన్నిచోట్ల యెహోవా కఠినం చేశాడని ఉంది. మొదటి ఐదు తెగుళ్ల కథలో కఠినపరచింది దేవుడని రాసి లేదు. ఆరో తెగులు, దద్దుర్ల దగ్గర మొదటిసారి అలా రాశారు. కాబట్టి మనిషి ముందు తనే బిగుసుకున్నాడు, దేవుడు తర్వాత దానికి ముద్ర వేశాడు అంటారు ఒక పక్షం వాళ్లు. మోషే ఐగుప్తులో అడుగు పెట్టకముందే, 4వ అధ్యాయంలోనే, నేను అతని హృదయం కఠినపరుస్తానని దేవుడు చెప్పాడు కదా అంటారు ఇంకో పక్షం. రెండూ నిజంగా అక్కడున్నవే.

ఫరో కథలో తక్కువగా మాట్లాడుకునే సంగతి ఇంకొకటి ఉంది. అతను రెండుసార్లు పాపం ఒప్పుకుంటాడు. వడగళ్లు పడుతుంటే, ఈసారి నేను పాపం చేశాను, యెహోవా న్యాయవంతుడు అంటాడు. మాటల్లో ఏ లోపమూ లేదు, మన సభల్లో అంటే వెంటనే బాప్తిస్మం తారీఖు ఇచ్చేస్తారు. వడగళ్లు ఆగాయి, అతను మళ్లీ మొదటికొచ్చాడు. ఫరో వద్దనుకున్నది వడగళ్లని. పాపాన్ని కాదు. చిత్తం స్వేచ్ఛగానే పనిచేసింది, తనకి ఇష్టమైనదే ఎంచుకుంది. ఇష్టం మాత్రం మారలేదు.

దీనికి ఎదురుగా పేతురును పెట్టి చూడండి. లూకా 22లో, శోధన రాకముందే యేసు అతనితో, నీ నమ్మకం తప్పిపోకుండా నీ కోసం వేడుకున్నాను, నీ మనసు తిరిగాక నీ సహోదరుల్ని స్థిరపరచు అంటాడు. ఆ రాత్రి ప్రధానయాజకుడి ఇంటి ముంగిట్లో మంట దగ్గర పేతురు మూడుసార్లు బొంకుతాడు. మాట నోట్లో ఉండగానే కోడి కూస్తుంది. అప్పుడు ప్రభువు తిరిగి పేతురు వైపు చూశాడని లూకా రాస్తాడు. ఆ తర్వాతే పేతురుకు మాట గుర్తొచ్చింది, బయటికి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చాడు. ముందు ప్రార్థన, తర్వాత చూపు, ఆ తర్వాత కన్నీళ్లు. ఏడ్చింది పేతురే, ఎవరూ అతన్ని బలవంతంగా ఏడిపించలేదు. కానీ ఆ చూపు లేకుండా ఏడ్చేవాడా? మరి యేసును పట్టించిన శిష్యుడు యూదా కోసం ఆ ప్రార్థన ఎందుకు జరగలేదు? జరిగినా లూకా రాయలేదా? ఇక్కడే మూడో ప్రశ్న మళ్లీ తల ఎత్తుతుంది.

మన సభల పద్ధతికి మూలం ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. ప్రసంగం అయ్యాక, నిర్ణయం తీసుకున్నవాళ్లు చెయ్యెత్తండి, ముందుకు రండి అనే పిలుపు 19వ శతాబ్దపు అమెరికాలో బలపడింది. దాన్ని పద్ధతిగా మార్చినవాళ్లలో ముఖ్యుడు చార్లెస్ ఫిన్నీ. పాపులు తమ హృదయాన్ని తామే మార్చుకోవడానికి బద్ధులు అన్న అతని ప్రసిద్ధ ప్రసంగానికి మూలవాక్యం యెహెజ్కేలు 18:31. 36వ అధ్యాయం అతనికి తెలియక కాదు. జనం ఆ అధ్యాయాన్ని దిండు చేసుకుని నిద్రపోతున్నారని అతని బాధ. ఇప్పుడు మన దగ్గర జబ్బు తిరగబడింది. ప్రతి ఏడాదీ ఉజ్జీవ సభల్లో చెయ్యెత్తి, ప్రతి ఏడాదీ మళ్లీ ఎత్తాల్సి వచ్చే కుర్రాళ్లున్నారు. పోయినసారి తీసుకున్న నిర్ణయం నిజమైనదేనా అన్న టెన్షన్ వాళ్లని వదలదు. వాళ్లకి 18వ అధ్యాయం మరోసారి గట్టిగా చదివి వినిపించడం వల్ల ఉపయోగం లేదు.

తెలుగు నేల మీద ఈ ప్రశ్నను పుస్తకాల్లో కాక కాలవ గట్టు మీద ఎదుర్కొన్న మనిషి ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు. జనానికి కూలి దొరకాలని అతను బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. పనిలోకి వచ్చినవాళ్లలో మాదిగలు చాలామంది. విరామ వేళల్లో తెలుగు బోధకులు వాళ్లకి సువార్త చెప్పేవారు. బాప్తిస్మం కావాలని గుంపులు గుంపులుగా అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. ఆకలి నోటితో అడుగుతున్నారో, మనసుతో అడుగుతున్నారో అతనికి ఎలా తెలుస్తుంది? వడగళ్ల కింద ఫరో కూడా సరిగ్గానే మాట్లాడాడు. అందుకే కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక, ఇక ఇవ్వడానికి తన దగ్గర కూలి లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అన్నం కోసం కలిశారనే విమర్శ అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ వినిపిస్తుంది. అయితే చేరినవాళ్ల నుంచి క్లౌ కోరినవి తేలికైనవి కావు. చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు. ఊరి ఆసాముల మీద బతికే మాదిగ కుటుంబానికి ఈ మూడింట్లో ఏది పాటించినా ఊరితో గొడవే. ఆ గొడవకు సిద్ధపడటం మనిషి నిర్ణయం కాకపోతే ఇంకేమిటి? అంతమందిలో ఒకేసారి అంత తెగింపు పుట్టడం వట్టి మనిషి నిర్ణయమేనా? క్లౌ ఎదుట ఈ రెండు ప్రశ్నలూ ఒకే నదిలో నిలబడ్డాయి.

అదే కాలవ గట్టు మీద అవే మాటలు విన్నా రానివాళ్లూ ఉన్నారు. వచ్చినవాడు ఎందుకు వచ్చాడు, రానివాడు ఎందుకు రాలేదు? నేను మొదట్లో చెప్పిన గట్టి ముడి ఇదే. దేవుడు ఇతనికి ఇచ్చాడు, అతనికి ఇవ్వలేదు అంటాడు కాల్వినిస్టు. మరి అందరికీ ఎందుకివ్వలేదని అడిగితే, రహస్యం అంటాడు. ఇద్దరికీ ఇచ్చాడు, ఇతను ఒప్పుకున్నాడు, అతను ఒప్పుకోలేదు అంటాడు వెస్లీ శిష్యుడు. ఇద్దరూ అంతే చచ్చినవాళ్లు, ఇద్దరికీ అంతే కృప వచ్చింది కదా, తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే అతనూ ఒక చోట ఆగిపోతాడు. ఎందుకంటే ఇతను కాస్త మంచివాడు కాబట్టి అని చెప్పడం అతనికీ ఇష్టం లేదు. 1577 నాటి లూథరన్ విశ్వాస ప్రమాణం అయితే అసలు జవాబు చెప్పడానికే ఒప్పుకోదు. రక్షణ పొందితే ఘనతంతా దేవుడిది, నశిస్తే తప్పంతా మనిషిది, ఈ రెండింటినీ కలిపే సూత్రం దేవుడు బయటపెట్టలేదు అంటుంది. 1842లో గుంటూరులో మొదలైన లూథరన్ సంఘం వారసత్వం ఇదే. ప్రతి పక్షానికీ ఒక రహస్యం ఉంది. దాన్ని ఎవరు ఎక్కడ దాచుకున్నారన్నదే తేడా. నాకు లూథరన్ల మొండితనం నచ్చుతుంది. తర్కానికి అది సగంలో ఆగినట్టే ఉంటుంది గానీ, యెహెజ్కేలు రెండు అధ్యాయాల్లో ఏదీ చించేయదు.

ఇక నేను ఏర్పాటులో, అంటే దేవుడు ఎంచుకున్నవాళ్లలో, ఉన్నానో లేదో, నాలో మారుమనస్సు నిజంగా పుట్టిందో లేదో అని భయపడే మనిషి సంగతి. డార్ట్ సభ దీన్ని ముందే ఊహించి ఒక అంశం రాసింది. తనలో ఆ మార్పు ఇంకా గట్టిగా కనబడకపోయినా, దేవుడి వైపు తిరగాలని కోరుకునేవాడు కంగారు పడకూడదు, తనను వెలివేసిన వాళ్లలో లెక్కేసుకోకూడదు, వాక్యం వినడం, ప్రార్థించడం వంటివి మానకుండా కొనసాగించాలి అంది. 1740లో లండన్‌లో మొరేవియన్లు అనే ప్రొటెస్టంట్ శాఖ వాళ్లు కొందరు, నిజమైన విశ్వాసం వచ్చేదాకా ప్రార్థన, ప్రభువు బల్ల అన్నీ ఆపి ఊరికే నిశ్చలంగా ఉండాలని బోధించినప్పుడు వెస్లీ వాళ్లతో తెగతెంపులు చేసుకున్నాడు. మానొద్దు, వెళ్లు, అడుగు, బల్ల దగ్గరికి రా అన్నాడు. భయపడుతున్న ఆ మనిషికి ఇద్దరూ చెప్పింది ఒకటే.